రోబో కంటికి పసుపు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఒక్కటీ ఉండేది కాదు. ఇరవయ్యేళ్లు. తొమ్మిదో తరగతి సగంలో బడికి సెలవు పెట్టి (ఆ సెలవు ఇంకా నడుస్తూనే ఉంది) నాచారం పారిశ్రామికవాడలో ఒక లేత్ షెడ్డులో చేరి అప్పటికి ఐదేళ్లు దాటింది. ఇనుమును ఎంత గీకితే ఎంత తగ్గుతుందో చేతికి తెలుసు, మనిషిని ఎంత గీకితే ఎంత మండుతుందో నోటికి తెలుసు. ఈ రెండు విద్యలతో బతుకు వెళ్లిపోతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. షెడ్డులో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, 'రేడియో' అనేవారు. ఆపే మీట దొరకదని. ఇప్పుడు నలభైకి దగ్గరపడి, జుట్టు పలచబడి, తెలిసినవాటిని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టుకునే స్థితికి వచ్చాక, ఆ రేడియో ఒక్కరోజు మూగబోయిన సంగతి చెప్పాలనిపిస్తోంది. అది మూగబోవాల్సిన రోజు కాదు. నా సిగ్గంతా అక్కడే ఉంది.

మా చెల్లె అప్పుడు చిల్కానగర్‌లో, నేను వదిలేసి వచ్చిన బడిలోనే తొమ్మిది చదువుతోంది. ఆ బడికి పక్క కాలనీలో ఉండే రిటైరైన శాస్త్రవేత్త ఒకాయన రోబో డబ్బా ఇచ్చాడు. అందులో ప్లాస్టిక్ ముక్కలు, చక్రాలు, రెండు మోటార్లు, వీటన్నిటికీ బుద్ధి చెప్పడానికి ఒక పాత ల్యాప్‌టాప్. ఆ ఏడాది బడిపిల్లల రోబో పోటీకి ఇచ్చిన విషయం ప్రకృతి విపత్తులు. పెద్ద బల్ల మీద ఒక బొమ్మ ఊరు ఉంటుంది. మధ్యలో పొంగిన నది, కూలిన ఇళ్లు, అడ్డంగా పడ్డ చెట్లు, ఇంటి కప్పుల మీద చిక్కుకుపోయిన ప్లాస్టిక్ మనుషులు. నేల మీద ఒక నల్ల గీత. రోబో ఆ గీతను చూసుకుంటూ, రిమోట్ లేకుండా, ఎవరూ ముట్టుకోకుండా, తనంతట తాను వెళ్లి ఆ మనుషులను కొక్కెంతో లాక్కొచ్చి మిట్ట మీది శిబిరంలో దింపాలి. రెండు అవకాశాలిస్తారు, రెండింట్లో ఏది మెరుగైతే అదే లెక్క. గెలిచినవాళ్లు బెంగళూరులో జరిగే పెద్ద పోటీకి వెళ్తారు.

జట్టులో నలుగురు. ముక్కలు బిగించడానికి ఇద్దరు దొరికారు గాని, ప్రోగ్రాం రాసే పని మాత్రం నాకంటే నాకని మా చెల్లె, దళసరి కళ్లద్దాల పిల్లవాడొకడు (ఇంట్లో మేం వాణ్ణి సోడాబుడ్డి అనేవాళ్లం) కొట్టుకున్నారు. సైన్స్ సార్ ఇద్దరికీ పరీక్ష పెట్టి చెల్లెకు ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ, "నీకిస్తున్న గని, పోటీల తేడా వస్తె ల్యాప్‌టాప్ వానికి పోతది. మల్ల నా ముంగట ఏడ్వద్దు" అన్నాడట. అంతకుముందు ఆ సారే నాకూ సైన్స్ చెప్పాడు, చెప్పడానికి ప్రయత్నించాడు అనడం న్యాయం. చెల్లె ఆ ల్యాప్‌టాప్‌ను చంటిపిల్లను మోసినట్టు మోసేది. అవి తెలంగాణ ఉద్యమపు బంద్‌ల కాలం. వారంలో సగం రోజులు బడికి తాళం, డబ్బా మా ఇంట్లో. నేల మీద నల్లటి ఇన్సులేషన్ టేపు వంకర్లుగా అతికించి దాని మీద రోబోను నడిపించేది. అమ్మ ఆ టేపును ముగ్గులా దాటుకుంటూ నీళ్ల బిందె మోసేది.

రోబో పొట్ట కింద ఎర్రటి చిన్న దీపం, దాని పక్కన కందిగింజంత గాజు ఉండేవి. "గదే దాని కన్ను అన్నా. కింద నలుపున్నదా తెలుపున్నదా గదే సూస్తది. అది సూసింది సూసినట్టు చెప్తెనే నా ప్రోగ్రాం పనిజేస్తది" అని చెల్లె నాకు విడమరచి చెప్పింది. నేను విన్నాను. విన్నానని ఒట్టేసి చెప్పగలను. కాకపోతే ఆ రోజుల్లో నేను వినడమంటే, నా మాటకు సందు ఎప్పుడు దొరుకుతుందా అని కాచుకుని కూర్చోవడం. "కన్ను పొట్టకింద పెట్టుకున్నోడు పెండ్లిచూపులకు పోతె పిల్లను ఎట్ల సూస్తడే?" అన్నాను. అమ్మ నవ్వింది. చెల్లె నవ్వలేదు. "నువ్వు ముట్టకుంటె సాలు" అంది.

ఇక్కడ మా షెడ్డు సంగతి ఒకటి చెప్పాలి. పూజ కాని యంత్రానికి మా దగ్గర కరెంటు ఇవ్వరు. మోటారు మార్చినా, కొత్త డ్రిల్లు కొన్నా, ముందు పసుపు, కుంకుమ, నిమ్మకాయ, కొబ్బరికాయ. దసరాకైతే పానాలకు, సుత్తులకు, ఓనరు గారి టెలిఫోనుకు కూడా బొట్లు పడేవి. ఈ శాఖకు అధిపతి మా హెడ్డు మిస్త్రీ. జేబులో ఎప్పుడూ కొలత పరికరం, అంటే గేజి, పెట్టుకుని తిరుగుతాడని ఆయన్ను గేజన్న అనేవాళ్లం. వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా పట్టేసే మనిషి, ఒకసారి పూజ లేకుండా నడిపిన మిషన్ మీద ఒకతని వేలు నలిగిందని, దేవుడి లెక్కల్లోనూ అంతే కచ్చితంగా ఉండేవాడు. చెల్లె పోటీ చూడడానికి గేజన్నను, ఇంకో ముగ్గురిని నేనే పనిగట్టుకుని తోలుకెళ్లాను. మా చెల్లె రోబో నడుపుతుందని నెల నుంచి వాళ్ల చెవులు తినేసి ఉన్నాను, చూపించకపోతే ఎలా.

పోటీ ఉప్పల్ అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో. ఆదివారం పొద్దున గేటు దగ్గర చెల్లె రోబో డబ్బా నా చేతిలో పెట్టి, "పేర్లు రాయించుకొని వస్త. జర పట్టుకో అన్నా. తెరవకు" అని సార్ వెంట లోపలికి వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే గేజన్న సంచిలోంచి కొబ్బరికాయ తీశాడు.

"దీనికి పూజయిందార?" అన్నాడు.

"పిల్లల బొమ్మకు పూజేందన్నా."

"మోటరున్నదా లేదా?"

"రెండున్నయి."

"మల్ల? మోటరున్నదంటె మిషనే. తీ బయటికి."

నేను తెరిచాను. బండి సీటు మీద రోబోను కూర్చోబెట్టి నుదుట బొట్టు పెట్టాం, నిమ్మకాయ దిష్టి తీశాం, కొబ్బరికాయ కాలేజీ గేటు రాయికే కొట్టాం (వాచ్‌మన్ ఒక చిప్ప తీసుకుని ఊరుకున్నాడు). అంతటితో ఆపితే ఈ కథ లేదు. గేజన్న, "మొహానికొక్కదానికి పెడ్తె ఏమొస్తది? నడిచేది కాళ్లు. కాళ్లకు పసుపు రాయి" అన్నాడు. అదీ నిజమే అనిపించింది. పసుపును నీళ్లలో ముద్దగా కలిపి, రోబోను తిరగేసి, చక్రాలకు, చక్రాల మధ్య జాగాకు, మూడు వేళ్లతో గడపకు పూసినంత శ్రద్ధగా పూశాను. వంకరగా రాస్తే గేజన్న ఒప్పుకోడు కదా, రెండో పూత కూడా వేశాను.

చెల్లె తిరిగొచ్చి డబ్బా తెరిచి బొట్టు చూసి, నన్ను చూసి, చున్నీతో దాని మొహం తుడిచేసింది. తిరగేసి చూడాలని ఆమెకెలా తోస్తుంది? రోబోను ముందుగా నడిపి సరిచూసుకునే బల్ల దగ్గర వరస పెద్దదిగా ఉంది, ఇంతలోనే వీళ్ల పేరు పిలిచారు. నేను చూసేవాళ్లు కూర్చునే పై మెట్ల వైపు వెళ్తుంటే మెడలో కార్డు వేసుకున్న కాలేజీ కుర్రాడొకడు, నా ఈడువాడే, ఎదురొచ్చి, "సార్, మీరు మెంటరా?" అనడిగాడు. ఆ మాటకు అర్థం అప్పుడు నాకు తెలియదు (జట్టుకు దారి చూపే గురువట). కానీ జీవితంలో మొదటిసారి నన్నొకరు సార్ అన్నారు. "అవును" అన్నాను.

చెల్లె మీట నొక్కి రెండడుగులు వెనక్కి జరిగింది. రోబో బయలుదేరింది. నల్ల గీత ఎడమకు తిరిగింది, రోబో తిరగలేదు. నేరుగా వెళ్లి దవాఖానా గోడను గుద్ది, దాన్ని అలాగే ముందుకు తోసుకుంటూ, అంబులెన్సును నదిలో వేసి, ఎవరినైతే కాపాడాలో వాళ్ల ఇంటికే ఎసరు పెట్టింది. కప్పు మీది ప్లాస్టిక్ మనుషులు ఒకరి తరువాత ఒకరు నీళ్లలో పడ్డారు. తరువాత శిబిరం దగ్గరికి వెళ్లి దాని గుడారం కూడా పడగొట్టింది. హాలంతా నవ్వింది. అంత నవ్వు గాలిలో ఉంటే నా నోరు ఊరుకుంటుందా? లేచి నిలబడి, "వరదొచ్చినంక గూడ సగం ఊరు మిగిలె. వీడొచ్చినంక గదీ లేకపాయె" అన్నాను. నవ్వు రెండింతలైంది. అంతమంది ఒక్కసారిగా నా మాటకు నవ్వడం అంతకుముందు లేదు, ఆ తరువాతా లేదు. కింద చెల్లె తలెత్తి మెట్ల వైపు చూసింది. గొంతు గుర్తుపట్టింది.

రెండో అవకాశానికి కొంత సమయం ఉంది. జట్ల చోటుకు బయటివాళ్లు రాకుండా తాడు కట్టారు. నేను తాడు దాకా వెళ్లాను, షెడ్డువాళ్లు నా వెనకే. చెల్లె మొహం పాలిపోయి ఉంది. నేనన్న మాటను పట్టించుకునే తీరిక లేదామెకు.

"గీతనే కనపడ్తలేదన్నా దానికి. కింద దీపమైతె ఎలుగుతనే ఉన్నది, బల్ల మీద ఎర్రగ పడ్తున్నది. అంటె కన్ను మంచిగనే ఉన్నట్టు. నేను రాసిందే ఏడనో తప్పు."

సైన్స్ సార్ పక్కనుంచి, "నిన్న ఏమన్న మార్చినవా?" అన్నాడు.

"లేదు సార్."

"మార్చకుంటె ఎట్ల పోతది? మొన్నటిదాంక నడిచింది గద. ఏదో కెలికినవ్."

గీత కనపడడం లేదు అన్న మాట నా చెవిలో పడి, అక్కణ్ణుంచి ఎటు వెళ్లాలో తెలియక కాసేపు తిరిగింది. తరువాత నా చూపు నా కుడిచేతి మీద పడింది. మూడు వేళ్ల కొసలు పచ్చగా ఉన్నాయి. కన్ను పొట్ట కింద ఉంటుందని నాకు చెప్పిన మనిషి ఎదురుగానే నిలబడి ఉంది. దీపం వెలుగుతోంది, నిజమే. గాజుకు నేను రెండు పూతలు వేశాను.

చెప్పడానికి ఎంతసేపు? 'చెల్లె, దాన్ని తిరగేసి తుడువు' అనేంతసేపు. నోరు తెరిచాను కూడా. అప్పుడే ఆ మెడకార్డు కుర్రాడు వచ్చి, "సార్, మీ టీమ్‌కు ఇంకా పదిహేను నిమిషాలు ఉన్నాయి" అన్నాడు. షెడ్డువాళ్ల ముందు అన్నాడు. గేజన్న నా వైపు ఒకరకమైన గౌరవంతో చూశాడు. ఇటు పక్క వేరే బడుల పిల్లల తల్లిదండ్రులు ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. రోబో కంటికి పసుపు పూసి గుడ్డిదాన్ని చేసినవాణ్ణి నేనే అని వీళ్లందరి మధ్య నిలబడి చెప్పాలి. దొరికి గంట కూడా కాని ఆ 'సార్'ను తిరిగిచ్చేయాలి. మనసు రాలేదు. తెరిచిన నోట్లోంచి, "ఏం గాదు, ధైర్నంగ ఉండు" అన్న మాట వచ్చింది. చేతిని ప్యాంటు వెనక తుడుచుకున్నాను. చెల్లె తలూపి వెళ్లిపోయింది.

పదిహేను నిమిషాలు ఆమె ఆ ల్యాప్‌టాప్ మీద వంగి, ఒప్పుగా ఉన్నదాన్ని తప్పుగా మార్చింది. సోడాబుడ్డి పక్కన కూర్చుని ఇంకో రెండు మార్పులు చెప్పాడు. నేను మళ్లీ మెట్లెక్కి పై నుంచి చూస్తూ కూర్చున్నాను. ఇప్పటికైనా లేచి అరవొచ్చు కదా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, లేస్తున్నాననీ అనుకుంటూనే ఉన్నాను. రెండోసారి రోబో ఎక్కడికీ వెళ్లలేదు. బయలుదేరిన చోటే ప్రదక్షిణలు చేసింది. గేజన్న నా చెవిలో, "సూసినవా, దేవుణ్ణి మొక్కుతున్నది" అన్నాడు. ఆయన వేళాకోళం ఆడలేదు. సమయం అయిపోయింది. మార్కులు సున్నా. చెల్లె రోబోను ఎత్తి చూడకుండానే డబ్బాలో పెట్టింది. సార్ డబ్బా, ల్యాప్‌టాప్ రెండూ తీసుకుని, "సోమారం నుంచి వాడు రాస్తడు" అన్నాడు. వాటిని బడి బీరువాలో పెట్టి తాళం వేశాడట.

ఆ సోమవారం బంద్. మంగళ, బుధ కూడా. చెల్లె తన ప్రోగ్రాంనంతా నోటుబుక్కులో రాసుకుని ఉంది. ఇంటి గడపలో కూర్చుని పొద్దుటి నుంచి దాన్ని వేలు పెట్టి చదివేది. ఒక్కో వరస మీద వేలు ఆగేది, పెదవులు కదిలేవి, తల అడ్డంగా ఊగేది, వేలు కిందికి జారేది. చివరికి వచ్చి మళ్లీ మొదటికి వెళ్లేది. అన్నం తింటూ హఠాత్తుగా లేచి వెళ్లి ఒక అంకె చూసుకుని వచ్చేది. లేని తప్పు కోసం మనిషి అంత నిజాయితీగా వెతకడం నేనెక్కడా చూడలేదు. అది లేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. షెడ్డు కూడా మూసే ఉంది, తప్పించుకుపోవడానికి చోటు లేదు. మొదటిరోజు నవ్వించబోయాను, వేలు ఆపలేదు. రెండోరోజు ఆమెకు ఇష్టమైన మిర్చిబజ్జీలు తెచ్చాను, "నువ్వు తినన్నా" అంది. అమ్మ నన్ను పక్కకు పిలిచి, "నీకేమన్న జ్వరమొచ్చిందార, ఏం మాట్లాడ్తలేవు" అని నుదురు ముట్టుకుని చూసింది. మూడోరోజు చెల్లె నోటుబుక్కు మూసి, "నాకు దొరుకుతలేదన్నా. సోడాబుడ్డే కరెక్టు. వాడే రాసుకోని" అంది.

అప్పుడు చెప్పాను. గేటు రాయి నుంచి రెండో పూత దాకా, ఒక్క జోకు లేకుండా. అలా చెప్పడం నాకు చేతనవునని అప్పటిదాకా నాకే తెలియదు.

ఆమె తిట్టలేదు. నోటుబుక్కు అట్ట మీద గోటితో గీస్తూ, ఒకే ఒక్క మాట అడిగింది.

"రెండోసారి కంటె ముందుగాలనే తెలుసా నీకు?"

తెలియదు అనొచ్చు. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "తెలుసు" అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తరువాత నేను అస్సలు అనుకోనిది జరిగింది. ఆమె మొహం విప్పారింది. "అయితె నేను రాసింది కరెక్టే అన్నట్టు" అంది, నాతో కాదు, నోటుబుక్కుతో. నన్ను తిట్టినా, కొట్టినా ఇంత మండేది కాదు. నేను చేసినదాన్ని తూచడానికి ఆమెకు తీరికే లేదు, తన ప్రోగ్రాం బతికిందన్న సంతోషంలో ఉంది. కాసేపటికి నా వైపు తిరిగి, "సార్‌కు నువ్వే చెప్పాలె. అందరి ముంగట. నేను చెప్తె నమ్మరు" అంది.

బడి తెరిచిన రోజు షెడ్డుకు వెళ్లకుండా ఆమె వెంట వెళ్లాను. ఐదేళ్ల తరువాత ఆ గేటు దాటడం. సైన్స్ గదిలో జట్టుతో పాటు తరగతి మొత్తం ఉంది. సార్ కళ్లద్దాల మీదుగా చూసి, "ఏంరా, ఇప్పుడు గుర్తొచ్చిందా తొమ్మిదో తరగతి?" అన్నాడు. ఇంకో రోజైతే ఆ మాటకు నా దగ్గర పది జవాబులుండేవి. బల్ల పక్కన నిలబడి జరిగింది చెప్పాను. చెబుతుంటే వెనక బెంచీల నుంచి మొదలై గదంతా నవ్వింది. అదే తరగతిలో ఆ నవ్వు కోసం నేనెన్ని వేషాలు వేశానో. అడక్కుండా వచ్చినప్పుడు అదెలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. చెవులు కాలిపోయాయి.

సార్ నవ్వలేదు. బీరువా తాళం తీసి, రోబోను తిరగేసి, ఎండి పెచ్చుకట్టిన పసుపును గోటితో గీకాడు. అది బల్ల మీద పొడిపొడిగా రాలింది. బెంచీల మధ్య నల్ల టేపు వేయించి, చెల్లె నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించమన్నాడు. రోబో గీత మీద ఎక్కింది, వంపు తిరిగింది, ఇంకో వంపు తిరిగింది, చివరికి వెళ్లి ఆగింది. సార్ ఆ ఎండిన పసుపు వైపే చూస్తూ నాతో, "ఆ రోజు ఒక్క నిమిషం పని గదరా ఇది" అన్నాడు. అంతే. సోడాబుడ్డి మాత్రం పెద్దగా ఊపిరి వదిలి, "మంచిగ జెప్పినవన్నా. నేను గూడ ఆ దినమే ప్రోగ్రాంను రాసుకొనిపోయి మూడు దినాలు ఎతికిన. తప్పు దొరకలే. నాకింక ప్రోగ్రాం రాదేమో అనుకున్న" అన్నాడు. నేను ఒకరినే ఏడిపించాననుకున్నాను, ఇద్దరని తేలింది. ల్యాప్‌టాప్ చెల్లె దగ్గరే ఉండిపోయింది. బెంగళూరుకు వేరే బడివాళ్లు వెళ్లారు.

మరుసటేడు పోటీకి రమ్మని చెల్లెనే పిలిచింది. నేను రానన్నాను. "రా. మీ షెడ్డోళ్లను గూడ తోలుకరా. గని చేతులు మాత్రం జేబులకెల్లి తియ్యొద్దు" అంది. అలాగే వెళ్లాను. ఆ రోజు రోబో ముగ్గురు ప్లాస్టిక్ మనుషులను ఒడ్డుకు చేర్చింది, నాలుగోవాణ్ణి దారిలో జారవిడిచింది. నాలుగో స్థానం వచ్చింది. బెంగళూరు ఈసారీ తప్పిపోయింది గాని, జట్టుతో కలిసి ఒక ఫొటో దిగాం. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మొన్న నా కూతురు దాన్ని పట్టుకొచ్చి, "అందరు చెయ్యి ఊపుతున్నరు గద, ఈ అన్న ఒక్కడే ఎందుకు గిట్ల బిగుసుకపోయిండు?" అనడిగింది. తీసుకుని చూశాను. చివర్లో, సన్నగా, నిండు జుట్టుతో ఒక కుర్రాడు, మోచేతుల దాకా ప్యాంటు జేబుల్లో చేతులు కూరుకుని, మాట తప్పితే ప్రాణం పోయేట్టు నిలబడి ఉన్నాడు. పక్కన ల్యాప్‌టాప్ పట్టుకున్న పిల్ల కెమెరాను చూడడం లేదు, వాడి జేబులనే చూస్తూ నవ్వుతోంది.